నీటిలో తూకం: సాంద్రతను కొలిచే పద్ధతి నడిచివచ్చిన దారి

ఆర్కిమిడీస్ పేరు వినగానే అందరికీ గుర్తుకు వచ్చేవి స్నానాల తొట్టి, "యురేకా" అన్న కేక. ఈ కథ చెప్పని సైన్సు ఉపాధ్యాయుడు ఉండడు. నేను కూడా చాలా ఏళ్ళపాటు తరగతిలో ఈ కథే చెప్పాను. కాని విజ్ఞానశాస్త్ర చరిత్ర చదివే విద్యార్థి ఈ కథను రెండు ప్రశ్నలు వేసుకొని చదవాలి. ఈ కథ మనకు ఎవరి ద్వారా అందింది? కథలో చెప్పినట్లే చేస్తే నిజంగా కొలత వస్తుందా? మొదటి ప్రశ్న చరిత్రకారులు ఏ ఆధారాన్నైనా అడిగేదే. రెండో ప్రశ్న చాలామంది అడగరు. పరికరాల చరిత్రలో మాత్రం ఆ రెండో ప్రశ్నే ఎక్కువ విషయాలు బయటపెడుతుంది.

కథ మనకు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ నుంచి వచ్చింది. ఆయన క్రీ.పూ. 1వ శతాబ్దంలో వాస్తుశాస్త్రం మీద రాసిన గ్రంథంలో, 9వ సంపుటం ముందుమాటలో ఈ కథ ఉంది. ఆర్కిమిడీస్ క్రీ.పూ. 212లో మరణించాడు. అంటే జరిగినదానికి, రాసినదానికి మధ్య దాదాపు 200 ఏళ్ళ దూరం ఉంది. సిరక్యూస్ రాజు హీరో దేవతలకు సమర్పించడానికి ఒక బంగారు కిరీటం చేయించాడు. స్వర్ణకారుడు కొంత బంగారం తీసి, అంతే బరువు వెండి కలిపాడని ఫిర్యాదు వచ్చింది. కిరీటాన్ని కరిగించకుండా నిజం తేల్చమని రాజు ఆర్కిమిడీస్‌ను అడిగాడు. విట్రూవియస్ చెప్పిన ప్రకారం ఆర్కిమిడీస్ కిరీటంతో సమానమైన బరువుగల బంగారు ముద్దను, వెండి ముద్దను తయారు చేయించి, అంచు వరకు నీరు నింపిన పాత్రలో ఒక్కొక్కదాన్నే ముంచాడు. ప్రతిసారి పొర్లిపోయిన నీటిని తిరిగి కొలిచి పోశాడు. కిరీటం ముంచినప్పుడు బంగారు ముద్ద కంటే ఎక్కువ నీరు పొర్లింది కాబట్టి దొంగతనం బయటపడింది.

జాగ్రత్తగా చూడండి. ఈ కథలో త్రాసు లేదు. నీటిలో మునిగిన వస్తువు బరువు తగ్గుతుందన్న మాట కూడా లేదు. మనం "ఆర్కిమిడీస్ సూత్రం" అని చెప్పుకునేది ఈ కథలో ఎక్కడా కనిపించదు. ఉన్నదల్లా పొర్లిన నీటి ఘనపరిమాణం మాత్రమే.

కథను లెక్కతో పరీక్షించడం

కిరీటం బరువెంతో విట్రూవియస్ చెప్పలేదు. లెక్క కోసం 1000 గ్రాములు అనుకుందాం. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, వెండి సాంద్రత 10.5 గ్రాములు. శుద్ధమైన బంగారమైతే కిరీటం ఘనపరిమాణం 51.8 ఘ.సెం.మీ. అందులో 300 గ్రాముల బంగారం తీసి వెండి కలిపారనుకుంటే ఘనపరిమాణం సుమారు 64.8 ఘ.సెం.మీ. అవుతుంది. తేడా 13 ఘ.సెం.మీ., అంటే ఇంచుమించు మూడు టీ చెంచాల నీరు.

ఇక పాత్ర సంగతి. కిరీటం పట్టాలంటే మూతి కనీసం 24 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ఆ మూతి వైశాల్యం 452 చదరపు సెం.మీ. అంత వెడల్పు పాత్రలో 13 ఘ.సెం.మీ. నీరు అంటే నీటిమట్టంలో 0.3 మిల్లీమీటర్ల కంటే తక్కువ తేడా. నిండు గ్లాసులో మరికాస్త నీరు మెల్లగా పోసి చూడండి. నీరు అంచు పైకి ఉబ్బి నిలబడుతుంది, వెంటనే పొర్లదు. తలతన్యత వల్ల జరిగే ఈ ఉబ్బు మిల్లీమీటరు కంటే ఎక్కువే ఉంటుంది. అది ఒక్కో ప్రయోగంలో ఒక్కోలా ఉంటే మనం వెతుకుతున్న తేడా అందులోనే కలిసిపోతుంది. పైగా ఆర్కిమిడీస్ నీటిని సెక్స్టారియస్ అనే కొలపాత్రతో కొలిచాడని విట్రూవియస్ రాశాడు. ఆ రోమన్ కొలత సుమారు అర లీటరు. అర లీటరు కొలపాత్రతో 52, 65 ఘ.సెం.మీ.ల మధ్య తేడా పట్టాలంటే శేరు గిద్దెలతో మందు చుక్కలు కొలిచినట్లుంటుంది. అసలే సాధ్యం కాదని నేను అనను. ముక్కున్న పాత్ర వాడి, ఎంతో ఓపికతో చేస్తే వీలు కావచ్చు. కాని ఒక మనిషి నేరం తేల్చడానికి ఇది నమ్మదగిన పద్ధతి కాదు. వెండి 30 శాతం కాక 10 శాతం అయి ఉంటే ఆ తేడా కనిపించనే కనిపించదు.

ఇప్పుడు అదే కిరీటాన్ని త్రాసులో చూడండి. ఒక పళ్ళెంలో కిరీటం, రెండో పళ్ళెంలో 1000 గ్రాముల శుద్ధ బంగారం ఉంచితే గాలిలో త్రాసు సమంగా నిలుస్తుంది. రెండు పళ్ళేలనూ ఒకే తొట్టిలో నీటిలో ముంచండి. బంగారం 51.8 గ్రాముల బరువు కోల్పోతుంది, కల్తీ కిరీటం 64.8 గ్రాములు కోల్పోతుంది. కిరీటం వైపు 13 గ్రాములు తేలికై పైకి లేస్తుంది. ఒక కిలో మీద 13 గ్రాముల తేడాను ఆనాటి వర్తకుల త్రాసైనా చూపించగలదు. ఇక్కడ కొలవవలసిన సంఖ్య లేదు, ప్రమాణం లేదు, లెక్క కూడా లేదు. ఒకవైపు పైకి లేచిందా లేదా అని చూస్తే చాలు. రాజుగారి కొలువులో అందరి ఎదుటా చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఆర్కిమిడీస్ నిజంగా ఇలాగే చేశాడా? ఆయన స్వయంగా రాసిన "తేలే వస్తువులు" అనే గ్రంథంలో కిరీటం ప్రస్తావన లేదు. కాని ఆ గ్రంథం మొదటి భాగం 7వ ప్రతిపాదనలో ద్రవం కంటే బరువైన వస్తువు ఆ ద్రవంలో మునిగినప్పుడు తాను తొలగించిన ద్రవం బరువంత తేలికవుతుందని నిరూపణ ఉంది. నీటిలో త్రాసు వేయడానికి కావలసిన సూత్రం అదే. దానికి తోడు బరువుల గురించి, కొలతల గురించి ప్రాచీన యుగం చివరిలో వచ్చిన ఒక లాటిన్ పద్యం ఇదే సమస్యకు నీటిలో ముంచిన త్రాసునే పరిష్కారంగా చెబుతుంది. కాబట్టి కిరీటం కథ జరిగినా జరగకపోయినా, ఆ కథలోని తొట్టి కంటే త్రాసుకే ఆర్కిమిడీస్ ఆలోచనతో దగ్గర సంబంధం ఉందని నా అభిప్రాయం. తొట్టి కథ ఎందుకు నిలిచిందో వేరే చెప్పనక్కర లేదు. మనిషి బట్టలు లేకుండా వీధిలో పరుగెత్తడం గుర్తుంటుంది, త్రాసు దండం ఒరగడం గుర్తుండదు.

ఖజానాలో నీటి త్రాసు

ఆర్కిమిడీస్ తరువాత ఈ పద్ధతి బాగా ఎదిగింది మధ్య ఆసియాలో. ఖ్వారజ్మ్ ప్రాంతంలో 973లో పుట్టి, గజనీ మహమ్మద్ కొలువులో ఉండి, భారతదేశం గురించి గొప్ప గ్రంథం రాసిన అల్-బిరూనీ మీకు చరిత్ర పాఠాల్లో పరిచయమే. ఆయన లోహాల, రత్నాల సాపేక్ష భారాలను కొలిచాడు. ఇందుకు ఆయన వాడింది త్రాసును నీటిలో ముంచే పద్ధతి కాదు. శంకువు ఆకారంలో, సన్నని మెడ, పక్కన చిన్న గొట్టం ఉన్న పాత్ర ఆయన పరికరం. వస్తువు వేయగానే దానంత ఘనపరిమాణం నీరు గొట్టం గుండా కారి, కింద ఉన్న త్రాసు పళ్ళెంలో పడుతుంది. అంటే విట్రూవియస్ చెప్పిన పద్ధతినే రెండు చోట్ల సరిచేశాడు. మెడ సన్నగా ఉండడం వల్ల నీటిమట్టంలో కొద్ది తేడా కూడా తెలుస్తుంది. పొర్లిన నీటిని కొలపాత్రతో కొలవకుండా తూచడం వల్ల కొలత మెరుగైంది. వెడల్పు మూతి వల్ల వచ్చే ఇబ్బందిని పైన మనం లెక్కకట్టాం. బిరూనీ పరికరం ఆకారం చూస్తే ఆయనకూ ఆ ఇబ్బంది బాగా తెలుసని అర్థమవుతుంది.

బిరూనీ ఫలితాలను చెప్పిన తీరు కూడా గమనించదగినది. మనం ఈనాడు నీటిని 1గా తీసుకుంటాం. ఆయన లోహాలకు బంగారాన్ని 100గా, రత్నాలకు నీలమణిని 100గా తీసుకొని, అంతే ఘనపరిమాణంగల మిగతావాటి బరువులు చెప్పాడు. ఈనాటి విలువలతో ఆ లెక్క వేస్తే బంగారం 100 అయినప్పుడు వెండి సుమారు 54 వస్తుంది. ప్రమాణంగా దేన్ని ఎంచుకోవాలి అన్న ప్రశ్న అప్పుడే ఉందని గమనించండి. ఈ వ్యాసం చివరి వరకు ఆ ప్రశ్న మనల్ని వదలదు.

బిరూనీ ఫలితాలు మనకు ఎక్కువగా తెలిసింది అల్-ఖాజినీ రచన వల్ల. అబ్దుల్ రహమాన్ అల్-ఖాజినీ గ్రీకు సంతతివాడు, మొదట బానిస. మెర్వ్ నగరంలో చదువుకొని పండితుడయ్యాడు. ఆ నగరం ఈనాటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది. సెల్జుక్ సుల్తాను సంజర్ కాలంలో, 1121 ప్రాంతంలో, ఆయన "జ్ఞాన త్రాసు గ్రంథం" రాశాడు. ఆయన త్రాసుకు ఐదు పళ్ళేలు. వాటిలో ఒకటి నీటిలో మునుగుతుంది, కొన్నిటిని దండం మీద ముందుకు వెనక్కు జరపవచ్చు. అసలు బంగారమా కల్తీయా, అసలు రత్నమా గాజా అన్నది తేల్చడం దీని పని. ఖజానాకు వచ్చే ప్రతి వస్తువునూ కరిగించి చూడలేరు కదా. తెలుగువారికి రుబాయీల కవిగా తెలిసిన ఉమర్ ఖయ్యాం కూడా బంగారం, వెండి కలిసిన వస్తువులో ఏది ఎంతుందో నీటి త్రాసుతో కనుక్కోవడం మీద రాశాడు. ఆ రచన ఖాజినీ గ్రంథంలో చేరి నిలిచింది.

ఆ గ్రంథంలోని విలువలను మన లెక్కలోకి మార్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పాదరసం 13.56, సీసం 11.32, తగరం 7.32. ఈనాటి పట్టికల్లో ఇవి వరుసగా 13.55, 11.34, 7.3 దగ్గర ఉంటాయి. బంగారానికి 19.05, వెండికి 10.30 వచ్చాయి. ఈ రెండూ కొంచెం తక్కువ. లోహం పూర్తిగా శుద్ధం కాకపోయినా, పోతపోసిన ముద్దలో కంటికి కనిపించని గాలి బుడగలు మిగిలినా విలువ ఇలాగే తగ్గుతుంది. ఖాజినీ మరొక సంగతి కూడా గుర్తించాడు. వస్తువు నీటిలోనే కాదు, గాలిలో కూడా కొంత తేలికవుతుంది. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. రెండు లోహాలే కలిశాయని ముందే తెలిస్తే ఒక్క తూకంతో వాటి పాళ్ళు చెప్పవచ్చు. బంగారంలో వెండి, రాగి రెండూ కలిస్తే ఒక్క తూకం నుంచి రెండు పాళ్ళూ రావు. ఒకే సమీకరణంలో రెండు అవ్యక్తరాశులుంటే ఏమవుతుందో బీజగణితం చదివిన మీకు తెలుసు. మన ఊళ్ళలో బంగారం పరీక్షకు తరతరాలుగా వాడిన గీటురాయి హద్దు ఇంకో రకం. అది పై పొర సంగతి చెబుతుంది, లోపలి సంగతి చెప్పదు. నీటి త్రాసు లోపలిదాకా చూస్తుంది గాని రంగును, గుణాన్ని చూడలేదు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25. దాని మీద మందంగా బంగారం పొదిగితే సాధారణ నీటి త్రాసు మోసపోతుంది.

ఇరవై రెండేళ్ళ గెలీలియో

ఆర్కిమిడీస్ "తేలే వస్తువులు" గ్రంథాన్ని 1269లో లాటిన్‌లోకి అనువదించారు. 16వ శతాబ్దంలో ఇటలీలో అది అచ్చయింది. ఆ పుస్తకాలు చదివిన యువకుల్లో గెలీలియో ఒకడు. 1586లో, 22 ఏళ్ళ వయసులో, "చిన్న త్రాసు" అనే పేరుతో ఆయన ఇటాలియన్ భాషలో ఒక చిన్న వ్యాసం రాశాడు. అది ఆయన మరణం తరువాతే అచ్చయింది. నీరు పొర్లించి కొలిచే కథ అంతటి గణితవేత్తకు తగినది కాదని, అది మోటు పద్ధతని ఆయన వాదన. ఆర్కిమిడీస్ రచనల్లో ఉన్న సూత్రాల నుంచే సరైన పద్ధతి వస్తుందని ఆయన చెప్పాడు. మనం పైన లెక్కవేసి చేరిన చోటికే గెలీలియో 400 ఏళ్ళ క్రితం చేరాడు.

ఆ త్రాసు పని చేసే విధం తేలికగా అర్థమవుతుంది. దండం ఒక చివర లోహపు ముక్క, రెండో చివర సమతూకపు రాయి ఉంటాయి. లోహాన్ని నీటిలో ముంచితే ఆ వైపు తేలికవుతుంది. మళ్ళీ సమం కావాలంటే రాయిని ఆధారం వైపు కొంచెం జరపాలి. జరిపిన దూరానికి, దండం చెయ్యి పొడవుకు ఉన్న నిష్పత్తిని తిరగవేస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. చెయ్యి పొడవు 50 సెం.మీ. అనుకోండి. శుద్ధ బంగారానికి రాయిని 50ని 19.3తో భాగించినంత, అంటే 2.59 సెం.మీ. జరపాలి. శుద్ధ వెండికి 4.76 సెం.మీ. ఈ రెండు బిందువుల మధ్య దూరం 2.17 సెం.మీ. 30 శాతం వెండి ఉన్న మన కిరీటానికి రాయి 3.24 సెం.మీ. దగ్గర నిలుస్తుంది. అంటే బంగారపు బిందువు నుంచి 0.65 సెం.మీ. దూరం. 0.65ను 2.17తో భాగించండి. సరిగ్గా 30 శాతం వస్తుంది. బంగారానికి ఒక గుర్తు, వెండికి ఒక గుర్తు పెట్టుకుంటే మధ్య దూరమే కల్తీ శాతం చెబుతుందన్నమాట. సాంద్రత అంకె తెలియకపోయినా పని జరుగుతుంది.

చిక్కంతా 2 సెం.మీ. దూరాన్ని సన్నగా విభజించడంలో ఉంది. గెలీలియో ఆ గుర్తుల మధ్య దండం మీద చాలా సన్నని తీగను ఒకదాని పక్కన ఒకటి ఆనేటట్లు చుట్టాడు. చుట్లను లెక్కపెడితే దూరం తెలుస్తుంది. కాని అంత సన్నని తీగ చుట్లను కంటితో లెక్కపెడితే చూపు చెదిరిపోతుంది. అందుకని మొనదేరిన చిన్న బాకును చుట్ల మీద మెల్లగా లాగమన్నాడు. ఒక్కో చుట్టు దాటినప్పుడు చేతికి తగిలే అదురును, చెవికి వినిపించే శబ్దాన్ని బట్టి లెక్కపెట్టాలి. ఆయన తండ్రి విన్సెంజో వీణ వంటి ల్యూట్ వాద్యంలో పేరున్న విద్వాంసుడు. తీగల శబ్దాలు వింటూ పెరిగిన ఇంటి పిల్లవాడికి ఈ ఉపాయం తట్టడం నాకు సహజంగానే కనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, ఆధారం అడగకండి.

తరువాతి శతాబ్దంలో ఈ త్రాసు యూరప్ అంతటా వాడుకలోకి వచ్చింది. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ దొంగ నాణేలు పట్టడానికి తేలే పరికరం ఒకటి 1675లో వర్ణించాడు. 1690లో ఔషధ ద్రవ్యాల కల్తీని నీటి తూకంతో పట్టే పద్ధతి మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. రాజుగారి కిరీటం నుంచి మందుల అంగడి దాకా పద్ధతి దిగి వచ్చింది.

ప్రయోగశాలలో ఎదురయ్యే దోషాలు

ప్రాక్టికల్ తరగతుల్లో విద్యార్థులు ఇత్తడి ముక్క సాంద్రత 8.4 రావలసిన చోట కొంచెం తక్కువ తెచ్చి, త్రాసు మంచిది కాదని చెప్పేవారు. చాలాసార్లు తప్పు త్రాసుది కాదు. ముక్కను అంటిపెట్టుకున్న గాలి బుడగలది. 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బుడగ 4 మిల్లీగ్రాములకు పైగా పైకి లేపుతుంది. 20 గ్రాముల ఇత్తడి నీటిలో కోల్పోయేది 2.4 గ్రాములే. అలాంటి బుడగలు మూడు అంటుకుంటే ఫలితంలో అర శాతం తేడా వస్తుంది. వేలాడదీసిన దారం దోషం ఇంకొకటి. అర మిల్లీమీటరు మందం దారాన్ని నీటి ఉపరితలం సుమారు 11 మిల్లీగ్రాముల బలంతో కిందికి లాగుతుంది. అందుకే మంచి ప్రయోగశాలల్లో వెంట్రుకలాంటి లోహపు తీగ వాడతారు. ముక్కను ముందే తడిపి, బ్రష్షుతో బుడగలు తుడిచి, ముంచుతారు. నీటి ఉష్ణోగ్రతను రాయకుండా తూకం మొదలుపెట్టకూడదు. 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం. 30 డిగ్రీల దగ్గర అది అంతకంటే సుమారు 0.4 శాతం తక్కువ. మన వేసవిలో ఈ తేడాను వదిలేయడం కుదరదు.

కిలోగ్రాము పుట్టుక

ఇంతవరకు ఈ పద్ధతి వస్తువు సాంద్రతను తెలుసుకోవడానికి పనికివచ్చింది. ఫ్రెంచి విప్లవకాలంలో దీనికి ఇంకా పెద్ద పని పడింది. ఆనాటి ఫ్రాన్సులో ప్రాంతానికొక తూనిక ఉండేది. అందరికీ ఒకే ప్రమాణం ఇవ్వాలని, అది ఏ రాజు పేరు మీదా కాక ప్రకృతి నుంచి తీసుకోవాలని సంకల్పించారు. ఘన డెసిమీటరు నీటి బరువే కొత్త ప్రమాణమని నిర్ణయించారు. 1793లో లావోసియర్, ఆయుయి కలిసి మొదటి కొలత చేశారు. ఆ ఏడాది చివరలోనే లావోసియర్ అరెస్టయ్యాడు. 1794 మే 8న ఆయనకు మరణశిక్ష అమలైంది. పూర్వం రాజ్యం తరఫున పన్నులు వసూలు చేసే సంస్థలో ఆయన భాగస్వామి కావడమే ప్రధాన నేరం. తూనికల సంస్కరణలో చేసిన సేవ ఆయనను కాపాడలేదు.

పనిని తరువాత లఫెవ్ర్-జినో, ఇటలీ నుంచి వచ్చిన ఫాబ్రోని పూర్తిచేశారు. ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. ఒక ఘన డెసిమీటరు పట్టే పెట్టె చేసి, నీరు నింపి తూచితే సరిపోదా? సరిపోదు. పెట్టె లోపలి కొలతలు కచ్చితంగా తీయడం కష్టం. మూలల్లో బుడగలు నిలుస్తాయి. అంచు దగ్గర నీరు ఉబ్బుతుంది. ఇది విట్రూవియస్ తొట్టిలో మనం చూసిన ఇబ్బందే. అందుకని వాళ్ళు ఆర్కిమిడీస్ వైపు తిరిగారు. పరికరాల తయారీలో పేరున్న ఫోర్టిన్ చేసిన బోలు ఇత్తడి స్థూపాన్ని తీసుకున్నారు. దాని ఎత్తు, వ్యాసం సుమారు 24 సెం.మీ. చొప్పున, ఘనపరిమాణం సుమారు 11 ఘన డెసిమీటర్లు. బయటి కొలతలు అనేక చోట్ల తీయవచ్చు. తరువాత దాన్ని గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచారు. కోల్పోయిన బరువే దానంత ఘనపరిమాణం నీటి బరువు. నీటికి 4 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రమాణంగా ఎంచుకున్నారు. ఆ దగ్గర సాంద్రత చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి థర్మామీటరులో చిన్న దోషం ఉన్నా ఫలితం చెడదు. పాత ఫ్రెంచి తూనికలో కిలోగ్రాము 18,827.15 గ్రెయిన్లని తేలింది. ఆ బరువుతో చేసిన ప్లాటినం స్థూపాన్ని 1799 జూన్ 22న ఫ్రాన్సు జాతీయ పత్రాగారానికి అప్పగించారు.

ఈనాడు మనం కూరగాయల అంగడిలో కిలో అని అడిగేది ఆ తూకం నుంచి వచ్చిందే. సాంద్రత కనుక్కోవడానికి బరువు వాడుతున్న పద్ధతే బరువుకు ప్రమాణాన్ని ఇచ్చింది.

ఆ కొలత ఎంత సరైనది? వంద సంవత్సరాల తరువాత, పారిస్ దగ్గరి అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థలో దాన్ని మళ్ళీ పరీక్షించారు. గియోమ్ కంచు స్థూపాలను నీటిలో తూచాడు. మరికొందరు గాజు ఘనాలను కాంతి తరంగాలతో కొలిచారు. 1799 కిలోగ్రాము ఘన డెసిమీటరు నీటి కంటే కొంచెం ఎక్కువని తేలింది. ఒక కిలో నీరు ఆక్రమించేది 1.000028 ఘన డెసిమీటర్లు. తేడా కిలోకు 28 మిల్లీగ్రాములు. ఈ దోషమంతా స్థూపం కొలతల్లోనే ఉందనుకుంటే, 24 సెం.మీ.లలో వాళ్ళు తప్పింది సుమారు 2 మైక్రోమీటర్లు మాత్రమే. తల వెంట్రుక మందంలో అది చాలా చిన్న భాగం. విప్లవపు గొడవల మధ్య, చేతితో చేసిన ఇత్తడి స్థూపంతో ఆ కచ్చితత్వం సాధించారు. నా దృష్టిలో ఇది యురేకా కథ కంటే పెద్ద కథ. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక వాక్యం కూడా దొరకదు.

కాని ఆ 28 మిల్లీగ్రాముల వల్ల ఒక చిక్కు వచ్చింది. 1901లో లీటరును ఒక కిలో నీటి ఘనపరిమాణంగా నిర్వచించారు. దానితో లీటరు వేరు, ఘన డెసిమీటరు వేరు అయ్యాయి. మిల్లీలీటరుకు, ఘన సెంటీమీటరుకు మధ్య ఉండీ లేనట్టున్న తేడా ఒక తరం విద్యార్థులను వేధించింది. 1964లో ఆ నిర్వచనాన్ని రద్దు చేసి, లీటరు అంటే ఘన డెసిమీటరే అన్నారు. పాత పుస్తకాలలో మీకు 1.000028 అనే అంకె కనిపిస్తే కారణం ఇదే.

నీటిని పక్కన పెట్టడం

ఖాజినీ గాలి గురించి అన్న మాటకు ఇప్పుడు తిరిగి వద్దాం. ఒక కిలో ప్లాటినం-ఇరిడియం ఘనపరిమాణం 46.5 ఘ.సెం.మీ., ఒక కిలో స్టెయిన్‌లెస్ స్టీలు ఘనపరిమాణం 125 ఘ.సెం.మీ. ఘన సెంటీమీటరు గాలి బరువు సుమారు 1.2 మిల్లీగ్రాములు. కాబట్టి ఈ రెండింటినీ గాలిలో త్రాసు మీద పోల్చితే గాలి ఉత్ప్లవనంలో తేడా ఒక్కటే 94 మిల్లీగ్రాములు. ప్రమాణ తూనికలను పోల్చే ప్రయోగశాలలో అది చాలా పెద్ద దోషం. తూనికరాయి సాంద్రత తెలియకుండా దాని ద్రవ్యరాశి చెప్పలేం. సాంద్రత తెలియాలంటే దాన్ని ద్రవంలో తూచాలి. ఒకదాని కోసం ఒకటి కావాలి.

మరి ద్రవంగా నీటిని నమ్మవచ్చా? 20వ శతాబ్దంలో నీటి మీద అనుమానం మొదలైంది. నీటిలో భార హైడ్రోజన్, భార ఆక్సిజన్ ఐసోటోపుల పాళ్ళు ఊరికొక రకంగా ఉంటాయి. సముద్రపు నీరు, మంచుకొండ నీరు, బావి నీరు ఎంత శుద్ధి చేసినా కొన్ని మిలియన్ వంతుల తేడా మిగులుతుంది. కరిగిన గాలి ఇంకొంత తేడా తెస్తుంది. ఐసోటోపుల పాళ్ళు నిర్ణయించిన ప్రమాణ నీటికి ఈనాడు ఒప్పుకున్న గరిష్ఠ సాంద్రత ఘన మీటరుకు 999.975 కిలోగ్రాములు. ఆ లెక్కన 1799 కిలోగ్రాములోని దోషం 25 మిల్లీగ్రాములవుతుంది. 28 అని చెప్పినవాళ్ళు పొరబడ్డారని తేల్చడం సులభం కాదు. వాళ్ళు తూచిన నీరు ఏ నీరో మనకు తెలియాలి కదా.

అందువల్ల 1970ల నాటికి అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ పరిశోధకులు ప్రమాణాన్ని ద్రవం నుంచి ఘనానికి మార్చారు. శుద్ధమైన సిలికాన్ స్ఫటికం ఎంచుకున్నారు. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.329 గ్రాములు. అది తుప్పు పట్టదు. లోపల రంధ్రాలు లేకుండా పెంచవచ్చు. దాని ఘనపరిమాణాన్ని కాంతితో కొలిచిన గోళాలతో పోల్చి నిర్ధారించారు. ఇక తెలియని వస్తువును, సిలికాన్‌ను ఒకే ద్రవంలో ఒకదాని తరువాత ఒకటి తూచితే ఆ ద్రవం సాంద్రత ఎంతన్నది లెక్కలోంచి ఎగిరిపోతుంది. కిరీటాన్ని, బంగారు ముద్దను ఒకే తొట్టిలో ముంచినప్పుడు జరిగింది కూడా ఇదే. అక్కడ నీటి సాంద్రత ఎవరికీ అవసరం కాలేదు.

2019 మే 20 నుంచి కిలోగ్రాముకు లోహపు స్థూపం ప్రమాణం కాదు. ప్లాంక్ స్థిరాంకం నుంచి దాన్ని నిర్వచించారు. ఆ నిర్వచనాన్ని ఆచరణలోకి తెచ్చే రెండు దారుల్లో ఒకటి సిలికాన్-28 ఐసోటోపుతో చేసిన, సుమారు 94 మిల్లీమీటర్ల వ్యాసంగల గోళం. ఆ పరిశోధనలో స్ఫటికపు ముక్కల సాంద్రతలను పోల్చడానికి త్రాసు కూడా వాడని పద్ధతి ఒకటుంది. సిలికాన్‌తో సమాన సాంద్రతగల ద్రవంలో ముక్కలను వేస్తారు. ద్రవం మీది పీడనాన్ని కొంచెం కొంచెం మార్చుతూ, ఏ పీడనం దగ్గర ఏ ముక్క మునగక, తేలక మధ్యలో నిలుస్తుందో చూస్తారు. రెండు పీడనాల తేడా నుంచి సాంద్రతల తేడా తెలుస్తుంది. ఇక ఒక ద్రవం సాంద్రతను అత్యంత కచ్చితంగా కొలవవలసి వస్తే, జాతీయ ప్రమాణాల ప్రయోగశాలల్లో సిలికాన్ గోళాన్ని సన్నని తీగతో త్రాసుకు వేలాడదీసి, ఆ ద్రవంలో ముంచి తూస్తారు.